మెయిన్ స్విచ్ దగ్గర మనిషి

“మా పిల్ల ప్లగ్గులో మేకు పెడితే ఏం చెయ్యాలండీ? నేను వంటింట్లో ఉన్నప్పుడు పెడితే?”

బాపట్లలో ఆ ఇంటి వరండాలో కూర్చోగానే నేనడిగిన మొదటి మాట ఇదే. నమస్కారం కూడా సరిగా పెట్టినట్టు లేదు. ఎదురుగా పేము కుర్చీలో రూతు టీచరు గారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తీయడం ఆపలేదు. పిల్ల వయసెంతని అడిగారు. ఏడేళ్ళని చెప్పాను. ఇప్పటిదాకా ఏమేం విప్పిందని అడిగారు. టార్చిలైటు, వాళ్ళ తాతగారి అలారం గడియారం, మొన్న ఆదివారం రేడియో వెనక మూత అని చెప్పాను. రేడియో ప్లగ్గు పీకి విప్పిందా, పెట్టి ఉండగానే విప్పిందా అని అడిగారు. నాకు తెలియదన్నాను.

“ముందు అది తెలుసుకోవాలి కదమ్మా,” అన్నారావిడ.

నేను తెనాలిలో ఒక పాల కేంద్రం ల్యాబ్‌లో పని చేస్తాను. బి.ఎస్సీ.లో ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివాను. తడి చర్మం గుండా కరెంటు ఎంత సులువుగా పోతుందో నాకు తెలుసు. తెలియడం వల్ల భయం తగ్గలేదు, పెరిగింది. ఇంట్లో ప్లగ్గులన్నిటికీ ప్లాస్టరు అంటించాను. స్క్రూడ్రైవర్లు అటకెక్కించాను. పిల్ల చెంచా తోకతో స్క్రూలు తిప్పడం నేర్చుకుంది. ఇదంతా చూసి మా పైవాటాలో ఉండే వరప్రసాదం, “అక్కా, ఒకసారి మా టీచరు దగ్గరికి వెళ్ళొద్దాం రండి,” అన్నాడు. అతనిది అడవులదీవి. రేపల్లెలో హాస్టల్లో ఉండి హైస్కూలు చదువుకున్నాడు. ఇప్పుడు తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం. తొంభై ఏడులో ఒక ఆదివారం అతనే నన్ను బాపట్ల తీసుకువెళ్ళాడు. ఇక్కడ రాస్తున్నది ఆ రోజూ ఆ తరవాతా రూతు టీచరు గారు చెప్పినదీ, రైల్లో వరప్రసాదం చెప్పినదీ, రేపల్లెలో మహబూబ్ బీ గారు చెప్పినదీ కలిపి.

రూతు టీచరు గారి తండ్రి జకరయ్య రేపల్లెలో ఒక రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. పెద్ద ఆయిలింజను. పొద్దున్నే మంటతో దాని తలకాయ వేడిచేసి, ఇద్దరు మనుషులు చక్రం పట్టుకుని తిప్పితే గాని కదిలేది కాదు. తండ్రికి అన్నం పట్టుకుని వెళ్ళిన పిల్ల అక్కడే ఉండిపోయేది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆమె నిలబడవలసిన చోటు ఒక్కటే, తలుపు దగ్గర బొగ్గుతో గీసిన గీత వెనక. ఆగిన తరవాత మాత్రం ఎక్కడైనా చెయ్యి పెట్టవచ్చు. కవాటాలు తుడవడం, నూనె గిన్నెలు నింపడం, బెల్టు అతుకు చూడడం ఆమెకు అక్కడే వచ్చాయి. ఆ ఊళ్ళో ఆడపిల్లకు ఆ పనులతో ఉద్యోగం రాదు. మిషన్ స్కూల్లో చదువయ్యాక టీచరు ట్రైనింగు, దానితోపాటు కుట్టుపని సర్టిఫికెట్టు తీసుకున్నారు. రేపల్లె ఊరి చివర ఉన్న ఒక ఎయిడెడ్ హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా చేరారు. క్రాఫ్ట్ అంటే ఆడపిల్లలకు కుట్టు, మగపిల్లలకు మొక్కలకు నీళ్ళు పోయడం. పదో తరగతి పరీక్షలో దానికి మార్కులు లేవు కాబట్టి లెక్కల మాస్టారికి ఎప్పుడు పీరియడ్లు తక్కువైనా క్రాఫ్ట్ పీరియడ్లు తీసుకునేవారు. చాలా ఏళ్ళు ఇలాగే గడిచాయి. పెళ్ళి మాటేమిటని నేనడగలేదు, వరప్రసాదమే ముందు చెప్పాడు. చేసుకోలేదట. బాపట్లలో చెల్లెలు విజయమ్మ ఇంట్లో ఉంటున్నారు.

ఎనభై రెండు వేసవిలో బాపట్లలో టీచర్లకు ఇంటి వైరింగు మీద ఒక శిక్షణ పెట్టారు. ఒక సైన్సు మాస్టారిని పంపమని స్కూలుకు కబురొచ్చింది. ఎండాకాలం సెలవులు వదులుకోవడానికి సైన్సు మాస్టార్లెవరూ ఒప్పుకోలేదు. హెడ్మాస్టరు వెంకట్రామయ్య గారు ఎవరో ఒకరి పేరు పంపాలి కాబట్టి క్రాఫ్ట్ టీచరు పేరు పంపారు. హాలు నిండా మగవాళ్ళు. మొదటిరోజు ఒకాయన ఆమెను చూసి, ఏ మాస్టారికి క్యారేజీ తెచ్చారమ్మా అని అడిగాడట. నా క్యారేజీ నేనే తెచ్చుకున్నాను నాయనా అని ఆమె ముందు బెంచీలో కూర్చున్నారు.

“కుట్టుపనికీ దానికీ పెద్ద తేడా లేదు,” అన్నారు నాతో. “కొలవాలి, కత్తిరించాలి, ముడెయ్యాలి. తప్పు ముడి వేస్తే అక్కడ రవిక పాడవుద్ది, ఇక్కడ మనిషి పాడవుతాడు. అంతే.”

తిరిగొచ్చాక స్కూలు వెనక రేకుల షెడ్డు అడిగి తీసుకున్నారు. చెక్క బోర్డులు, హోల్డర్లు, స్విచ్చులు, కరెంటు గంటలు చేర్చారు. గోడకు ఒక మెయిన్ స్విచ్. ఆ షెడ్డుకు వర్క్‌షాపు అని ఆమే పేరు పెట్టారు. తొమ్మిదో తరగతి వాళ్ళు, ఆడా మగా కలిసి, వారానికి రెండు పీరియడ్లు అక్కడ పని చేసేవాళ్ళు. ఒక గది వైరింగు కాగితం మీద గీయాలి, దాన్ని బోర్డు మీద బిగించాలి, వెలిగించి చూపాలి. వెలగకపోతే ఎందుకు వెలగలేదో బోర్డు విప్పకుండా చెప్పాలి. ఆ చివరి పనే కష్టమని వరప్రసాదం అన్నాడు. విప్పి వెతకడం ఎవరైనా చేస్తారు, ముందు కూర్చుని ఆలోచించడం మాత్రం ఎవరికీ ఇష్టముండదు. ఆవిడ చేతులు కట్టుకుని కూర్చోమనేవారట.

ఎనభై ఆరులో తొమ్మిదో తరగతిలో జైనబ్ బీ అనే పిల్ల ఉండేది. తండ్రి అబ్దుల్ షుకూర్ రేపల్లె బజారులో రేకు పెట్టెలు చేసేవాడు. తల్లి మహబూబ్ బీ ఇంట్లో మిషను మీద రవికలు కుట్టేది. కూతురికి కుట్టు బాగా రావాలని ఆ స్కూల్లో వేసింది. జైనబ్‌కు కుట్టు కంటే బోర్డు నచ్చింది. గుంటూరులో ఆడపిల్లల పాలిటెక్నిక్ ఉందని రూతు టీచరు గారు ఒకసారి మాటల్లో చెప్పారు. అప్పటినుంచి ఆ పిల్లకు అదే ధ్యాస. పదో తరగతి కాగానే ప్రవేశ పరీక్ష రాస్తానని ఇంట్లో చెప్పింది. తండ్రి చూద్దామన్నాడు. తల్లి ఏమీ అనలేదు. ఆ ఇంట్లో తల్లి ఏమీ అనకపోతే కాదని అర్థం.

ఆ శ్రావణమాసంలో ముసురు పట్టింది. షెడ్డు నేల చెమ్మగిల్లింది. బోర్డు దగ్గర పనిచేసేవాళ్ళు వట్టి కాళ్ళతో నేలమీద నిలబడకూడదు కాబట్టి, ఇంటినుంచి ఎండిన చెక్క ఒకటి తెచ్చుకోమని టీచరు గారు చెప్పారు. పిల్లలు పీట ముక్కలు, పెట్టె మూతలు, విరిగిన తలుపు రెక్కలు తెచ్చారు. వరప్రసాదం అడవులదీవి వెళ్ళి వస్తూ ఒక మంచి చెక్క మోసుకొచ్చాడు. వాళ్ళ నాన్న పాత పడవ విప్పేస్తున్నాడు, అందులోది. మందంగా, బిగువుగా, వేలితో కొడితే ఖంగుమనేలా ఉంది. ఉన్నవాటిలో అదే మేలైనదని టీచరు గారు దాన్ని జైనబ్ నిలబడే చోట వేయించారు.

ఆ రోజుల్లో మెయిన్ స్విచ్ ఎవరు దగ్గరుంటే వాళ్ళు వేసేవారు. రెండు బెంచీల వాళ్ళు పని చేస్తున్నారు. ఒక బెంచీ వాళ్ళ పని అయిపోయింది. వెయ్యరా అని కేకేశారు. స్విచ్ దగ్గరున్నవాడు వేశాడు. రెండో బెంచీలో జైనబ్ ఇంకా హోల్డరు స్క్రూ బిగిస్తూ ఉంది. వేలు స్క్రూ మీదే ఉంది. కాళ్ళకింద చెక్క ఉంది కాబట్టి జలదరించి వదిలిపెట్టాల్సింది. కానీ పిల్ల విసిరికొట్టినట్టు వెనక్కి పడింది. బెంచీ అంచు తగిలి నుదురు చిట్లింది. వేలి చివర కాలింది. స్పృహ పోలేదు. లేచి కూర్చుని, బోర్డు పగిలిందా అని అడిగిందట.

ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించి ఇంట్లో దిగబెట్టి వచ్చాక టీచరు గారు ఆ చెక్క ముందు కూర్చున్నారు. చెక్క ఎండినట్టే ఉంది. అరచేయి ఆనించి చూస్తే మాత్రం చల్లగా అంటుకుంటోంది. మేకుతో గీరి ఆ పొట్టు నాలిక మీద వేసుకున్నారు. ఉప్పగా ఉంది. వరప్రసాదాన్ని పిలిచి పడవ ఎన్నేళ్ళు సముద్రంలో తిరిగిందని అడిగారు. నేను పుట్టకముందునుంచీ అన్నాడు వాడు.

కెమిస్ట్రీ చదివినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. సముద్రపు ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగిన చెక్క ఎండలో ఎండుతుంది, ముసురులో లోపల మళ్ళీ తడుస్తుంది. పైకి తెలియదు. వైరింగు పుస్తకాల్లో ఎండిన చెక్క మీద నిలబడమని రాస్తారు. అది పడవలో ఉన్న చెక్కా కాదా అని చూడమని ఏ పుస్తకమూ రాయదు. నాకైనా తోచేది కాదు.

మర్నాడు మహబూబ్ బీ స్కూలుకు వచ్చింది. గది బయటే నిలబడి హెడ్మాస్టరుతో మాట్లాడింది. గొంతు పెంచలేదట.

“మా పిల్లని నేర్పమని పంపానండి. చంపమని కాదు.”

ఏడాది చివరిదాకా బడికి పంపుతాననీ, తొమ్మిది అయ్యాక బడి చాలనీ, మిషను మీద కూర్చుంటుందనీ చెప్పి వెళ్ళిపోయింది. వెంకట్రామయ్య గారు వర్క్‌షాపుకు తాళం వేసి తాళంచెవి తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. ఆయన కఠినుడు కాదు. ఆ పిల్ల తల్లి వచ్చి తన నోటితో సరేనంటే తీస్తానన్నారు. అనదని ఆయనకు నమ్మకం.

జైనబ్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదని తండ్రే రూతు టీచరు గారికి చెప్పాడు. మీరొచ్చి ఒక మాట చెప్పండి, నా మాట ఆ ఇంట్లో రేకు మీద సుత్తి దెబ్బంత కూడా వినపడదండి అన్నాడు. ఆమె వెళ్ళారు. పడవ చెక్క ముక్క ఒకటి కోయించి సంచీలో వేసుకుని వెళ్ళారు.

మహబూబ్ బీ మిషను మీదే కూర్చుని ఉంది. లేవలేదు. కూర్చోమని మాత్రం అంది. టీచరు గారు సర్దిచెప్తారని, పిల్ల తప్పనో కుర్రాళ్ళ తప్పనో అంటారని ఆమె ఎదురుచూసిందట. ఏం అడగాలో ముందే అనుకుని పెట్టుకుంది.

“తప్పు నాది మహబూబమ్మా,” అన్నారు టీచరు గారు. “పిల్లది కాదు. చెక్క తెచ్చినవాడిదీ కాదు.” చెక్క ముక్క తీసి మిషను మీద పెట్టారు. “నాలిక ఆనించి చూడు.”

“చెక్క నాకమంటారేంటండీ?”

“నేను నాకాను. చూడు.”

చూసింది. ఉప్పు అంది.

“వానాకాలం నీ ఉప్పుజాడీ ఏమవుద్ది?”

“నీళ్ళూరుద్ది.”

“ఇదీ అంతే. నేను పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే, సముద్రం గాలి నాకు కొత్త కాదు. నాకు తోచాలి. తోచలేదు.”

గుమ్మం దగ్గరున్న షుకూర్ ఈ మెత్తదనం చూసి, తనూ ఒక మాట వేద్దామని, నీకూ మిషను సూది వేల్లోకి దిగింది కదా, కుట్టడం మానేశావా అన్నాడు. మహబూబ్ బీ అతని వైపు తిరగకుండానే జవాబిచ్చింది. “సూది దిగితే రక్తం వస్తది. కరెంటు దిగితే మనిషే పోతది. పెట్టెలు కొట్టుకోండి మీరు.” అతను వెళ్ళి పెట్టెలు కొట్టుకున్నాడు.

తరవాత ఆమె టీచరు గారి వైపు చూసి, “మీకు తోచనివి ఇంకెన్నున్నాయో,” అంది.

“ఉంటాయి.”

ఆ మాట తనకు కోపం తెప్పించాల్సింది, తెప్పించలేదని మహబూబ్ బీ నాతో అన్నారు. ఉండవని అని ఉంటే అప్పుడే బయటకు పంపేదాన్నన్నారు.

“అందుకే ఇంకో మనిషి కావాలి,” అన్నారు టీచరు గారు. “నువ్వొచ్చి కూర్చో. స్విచ్చు దగ్గర.”

“నాకేం తెలుసనండీ?”

“నీకు భయం తెలుసు. నా షెడ్డులో అది తెలిసినవాళ్ళు లేరు. పిల్లలకి ఎటూ లేదు, నాకూ పోయింది.”

మహబూబ్ బీ సరేననలేదు. వచ్చి చూస్తాను, చూసి మళ్ళీ వద్దంటాను అంది. హెడ్మాస్టరుకు అది చాలలేదు గాని, తల్లి గుమ్మంలోకైతే వచ్చింది కాబట్టి తాళం తీశారు. బడిలో పైవాళ్ళు కూర్చోవడమేమిటని ఒకసారి గొణిగారు. తరవాత ఆయనే ముక్కాలి పీట ఒకటి పంపించారు.

పడవ చెక్క గోడకు వేలాడదీశారు, ఎవరూ నిలబడకుండా. మిగతా చెక్కలన్నీ టీచరు గారు ఒక్కొక్కటీ పరీక్షించి, పనికిరానివి పొయ్యిలోకి ఇచ్చేశారు. స్విచ్ విషయంలో పద్ధతి మారింది. స్విచ్ దగ్గర కూర్చున్న మనిషి ఇంకే పనీ చెయ్యకూడదు. ప్రతి బెంచీ వాళ్ళూ బోర్డు వదిలి వెనక్కి జరిగి చేతులు చూపాలి. అందరి చేతులూ కనపడితేనే స్విచ్ పడుతుంది. ఒక్క చెయ్యి కనపడకపోయినా పడదు.

మొదటి రోజు పని సాగలేదు. మహబూబ్ బీ పీట మీద కూర్చుని ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. జాగ్రత్త, ఆ తీగ ముట్టుకోకు, ఒసేయ్ జైనబ్ ఇటు జరుగు, బాబూ నీ చెయ్యి చూసుకో. ఆమె జాగ్రత్త అన్నప్పుడల్లా ఎవరో ఒకరి చేతిలోంచి స్క్రూ జారిపడింది. పీరియడు అయ్యాక టీచరు గారు ఆమెను ఆపి, స్విచ్ దగ్గర కూర్చున్నవాళ్ళకు రెండే మాటలు ఉంటాయని చెప్పారు. ‘ఆపాను’ ఒకటి, ‘వేస్తున్నా’ ఒకటి. జాగ్రత్త అన్న మాట నోటితో అంటే వాళ్ళ చెయ్యి వణుకుతుంది, నీ జాగ్రత్తంతా నీ చేతి కింద ఉంది, దాన్ని అక్కడే పెట్టు అన్నారు. నోరు మూసుకోవడం తనకు మిషను నేర్చుకోవడం కంటే కష్టమైందని మహబూబ్ బీ అన్నారు. పెదవుల మధ్య పైట కొంగు పెట్టుకుని కూర్చునేవారట.

పిల్లలు ఆమెకు స్విచ్చమ్మ అని పేరు పెట్టారు. ఒకరోజు ఒక బెంచీ కుర్రాళ్ళు దోసిళ్ళు పట్టి, స్విచ్చమ్మా, మా బెంచీకి కాస్త కరెంటు భిక్ష వెయ్యండమ్మా అన్నారు. ఆమె కొంగు తీసి, “దోసిళ్ళు అట్టాగే ఉంచండి, చేతులు బాగా కనపడుతున్నాయి. వేస్తున్నా,” అంది. తరవాత ఆ దోసిళ్ళే ఆ షెడ్డులో చేతులు చూపే గుర్తు అయ్యాయి. వరప్రసాదం ఇప్పటికీ తెనాలి ఎక్స్ఛేంజీలో పని ఆపి పక్కకు జరిగినప్పుడు దోసిలి పడతాడు. అక్కడివాళ్ళు అతన్ని ప్రసాదం అడుగుతున్నావా అని వెక్కిరిస్తారు.

తొమ్మిది అయిపోయింది. జైనబ్‌ను బడి మాన్పించలేదు. మాన్పిస్తానన్న మాటను మహబూబ్ బీ మళ్ళీ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. పదో తరగతిలో క్రాఫ్ట్ పీరియడ్లు లేకపోయినా జైనబ్ షెడ్డుకు వచ్చి చిన్నవాళ్ళకు చూపేది. తల్లి పీట మీద కూర్చునే ఉంది. ఒకనాడు టీచరు గారు ఒక బోర్డులో తప్పు చూపిస్తూ మాటల్లో పడి చెయ్యి దానిమీదే ఉంచేశారు. పిల్లలందరూ దోసిళ్ళు పట్టి నిలబడ్డారు. స్విచ్ పడలేదు. వెయ్యవే మహబూబమ్మా అన్నారు టీచరు గారు వెనక్కి తిరగకుండా. ఆమె వెయ్యలేదు. రెండు మాటలే ఉన్నాయి కాబట్టి మూడో మాట అనలేదు. “ఆపాను,” అని మళ్ళీ అంది. అప్పుడు టీచరు గారు తన చెయ్యి చూసుకున్నారు.

పాలిటెక్నిక్ పరీక్షకు దరఖాస్తు పెట్టే సమయం వచ్చింది. జైనబ్ అడగలేదు. రోజూ తల్లి కుట్టిన రవికలకు బొత్తాలు కుట్టి పెట్టేది. మహబూబ్ బీయే ఒక సాయంత్రం షెడ్డులో అందరూ వెళ్ళాక టీచరు గారిని అడిగింది.

“ఆ గుంటూరు కాలేజీలో స్విచ్చు దగ్గర ఎవరు కూర్చుంటారండీ?”

అక్కడ మాస్టార్లుంటారని చెప్పవచ్చు. అలా చెప్పడమే తేలికని టీచరు గారు నాతో అన్నారు. కానీ ఆమె అడుగుతున్నది అది కాదు.

“ఎవరూ కూర్చోరు. జైనబే కూర్చోవాలి.”

“అది కూర్చోలేదు టీచరుగారూ. దానికి చేతులూరుకోవు.”

అయితే కూర్చోబెట్టి చూడమన్నారు టీచరు గారు. మర్నాటినుంచి జైనబ్ పీట ఎక్కింది. స్విచ్ తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. తప్పు బోర్డులు కళ్ళముందే ఉంటే లేచి సరిచెయ్యకూడదు. ఆ పిల్లకు అంత కష్టమైన పని ఎవరూ చెప్పలేదని వరప్రసాదం అన్నాడు. అతనూ అప్పుడు పదిలోనే ఉన్నాడు, కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు.

పీట కూతురికి వదిలిన మహబూబ్ బీ ఏం చెయ్యాలో తోచక బెంచీ దగ్గర నిలబడింది. టీచరు గారు ఆమె చేతికి ఒక హోల్డరు, రెండు తీగ ముక్కలు ఇచ్చారు. ఆమె ముందు వెనక్కి జరిగింది. తరవాత తీసుకుంది. కుట్టుపని చేతులు కాబట్టి తీగ మెలి చక్కగా వచ్చింది. ఒకరోజు ఆమె హోల్డరు బోర్డుకు బిగిస్తోంది, చూపుడు వేలు సరిగ్గా స్క్రూ మీద ఉంది. అవతలి బెంచీ వాళ్ళు పని అయిపోయి దోసిళ్ళు పట్టారు. వానమబ్బు పట్టి షెడ్డు చీకటిగా ఉంది. లాంగ్ బెల్ కొట్టే వేళైంది, బస్సు పోతుందని పిల్లల తొందర. వెయ్యి జైనబ్ అన్నారు. వెయ్యవే, అయిపోయింది అన్నారు. హెడ్మాస్టరు గారు ఆ దారిన పోతూ తలుపులో ఆగి, ఇంకా ఏంటమ్మా ఆలస్యం, కానియ్యి అన్నారు. తలుపులోంచి వచ్చే కాస్త వెలుతురుకూ ఆయన అడ్డమై, సరిగ్గా మహబూబ్ బీ చేతుల మీద చీకటి పడింది. చేతులు కనపడటం లేదు.

మహబూబ్ బీ చెయ్యి తియ్యలేదు. కావాలనే తియ్యలేదు. నాతో ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ తన వేలు చూసుకున్నారు. అది వేస్తుందో వెయ్యదో చూద్దామని ఉంచానమ్మా అన్నారు. రూతు టీచరు గారు ఫ్యూజు తీసి తన చేతిలో పెట్టుకున్న సంగతి ఆవిడకు అప్పుడు తెలియదు, జైనబ్‌కూ తెలియదు.

“ఆపాను,” అంది జైనబ్.

హెడ్మాస్టరు గారు మళ్ళీ ఏదో అన్నారు. ఆ పిల్ల స్విచ్ మీద చెయ్యి వేసి కదలకుండా, “ఆపాను సార్,” అంది. బెల్లు కొట్టారు. బస్సు వాళ్ళు సణుక్కుంటూ పరుగెత్తారు. ఆ రోజు ఎవరి బోర్డూ వెలగలేదు. మహబూబ్ బీ చెయ్యి తీసి, కొంగుతో తుడుచుకుని, బయటకు వెళ్ళి పంపు దగ్గర నీళ్ళు తాగింది. ఇంటికి వెళ్ళే దారిలో గుంటూరులో హాస్టలు ఎక్కడుంటుందని కూతుర్ని అడిగింది.

జైనబ్ ఎనభై ఎనిమిదిలో పాలిటెక్నిక్‌లో చేరింది. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే చోట, బోర్డు బయటకు వెళ్ళేముందు పరీక్షించే పని చేస్తోంది. అక్కడ తనకు మంచిపేరు లేదట. సరుకు ఆలస్యం చేస్తుందని అంటారట. మహబూబ్ బీ ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పారు. ఆవిడ తరవాత కూడా కొన్నేళ్ళు పీట మీద కూర్చున్నారు. ఓపిక లేనప్పుడు వేరే తల్లులు వచ్చారు. ఎక్కువ భయపడే తల్లిని ఎంచి పిలిచేవారట టీచరు గారు. తొంభై ఆరులో ఆమె రిటైరయ్యారు. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. షెడ్డులో ఇప్పుడు విరిగిన బల్లలు పెట్టారు. పడవ చెక్క ఇంకా గోడకు ఉందని వరప్రసాదం చెప్పాడు.

ఇదంతా విన్నాక, జైనబ్ స్విచ్ వెయ్యని రోజు ఫ్యూజు తీసి దాచారు కదా, ఆ సంగతి వాళ్ళకెప్పుడు చెప్పారని అడిగాను. జైనబ్‌కు ఉద్యోగం వచ్చాక చెప్పారట. నేను పిల్లలతో సాహసాలు చెయ్యనమ్మా అన్నారు.

చిక్కుడుకాయలు అయిపోయాయి. చెల్లెలు వచ్చి గిన్నె తీసుకుని వెళ్ళారు. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. రైలుకు వేళవుతోంది. ప్లాస్టర్లు తీసెయ్యాలా వద్దా అని అడిగాను.

తెనాలి వచ్చాక తీసేశాను. స్క్రూడ్రైవర్లు అటకమీదనుంచి దించాను. రేడియో ప్లగ్గు పీకే విప్పానని పిల్ల చెప్పింది. అడిగేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు ఆదివారాలు పొద్దున్న తను ఏదో ఒకటి విప్పుతుంది. మెయిన్ దించి, దానికింద పీట వేసుకుని నేను కూర్చుంటాను. అంతసేపూ స్టవ్ మీద ఏదీ పెట్టను. తను పక్కకు జరిగి దోసిలి పట్టినప్పుడే వేస్తాను. మా ఆయన పేపరు చదువుతూ, ఇంతకంటే ప్లాస్టరే నయం కదా, వంటయినా అయ్యేదంటారు. నా భయం ఏమీ తగ్గలేదు. ఆ రోజు గేటు దాకా వచ్చి రూతు టీచరు గారు చెప్పింది కూడా తగ్గించుకోమని కాదు.

“భయం ఉంటే ఉండనివ్వండమ్మా. దానికో పీట వేసి స్విచ్చు దగ్గర కూర్చోబెట్టండి. మాట్లాడనివ్వకండి.”